పర్లాకిమిడి ఎండల్లో ఫిల్మ్ కడగడం: డి-76, రోడినాల్ వాడి చూశాక

బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి ఏ డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు) మంచిదంటే అందరూ గ్రెయిన్ (బొమ్మలో కనబడే రవ్వ) దగ్గరే మొదలుపెడతారు. నన్నడిగితే ముందు మీ కుళాయి నీళ్ల వేడి ఎంతో చెప్పమంటాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంటి బాత్రూమ్‌లోనే ఏళ్లుగా ఫిల్మ్ కడుక్కుంటున్నాను. మార్చి దాటిందంటే మా మేడ మీది ట్యాంకు నీళ్లు వెచ్చగా దిగుతాయి. ఫిల్మ్‌ని డెవలపర్‌లో ఎంతసేపు ఉంచాలో కంపెనీలు ఇచ్చే టైములేమో ముఖ్యంగా 20 డిగ్రీలకు.

నేను ఎక్కువగా తీసేది ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్ మీద. ఐడీ-11 డెవలపర్‌ని నీళ్లు కలపకుండా వాడితే దానికి 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు, సగానికి సగం నీళ్లు కలిపితే (దీన్నే 1+1 అంటారు) 13. కొడాక్ డి-76, ఐడీ-11 దాదాపు ఒకటే, టైముల్లోనూ పెద్ద తేడా ఉండదు. వేడి పెరిగేకొద్దీ టైము తగ్గించాలి. 20 దగ్గర 4 నిమిషాలు పట్టేది 23 దగ్గర 3 నిమిషాల్లో అయిపోతుందని ఇల్‌ఫోర్డ్ వాళ్లే రాశారు. ఆ లెక్కన 26 డిగ్రీలకు పోతే ఏడున్నర కాస్తా నాలుగు నిమిషాల చిల్లరకు దిగుతుంది. ఐదు నిమిషాల లోపు అంటే నాకు టెన్షనే. ఫిల్మ్ కడిగే ట్యాంకులో మందు పోయడానికి, ఒంపడానికి పట్టే సెకన్లే తేడా చేస్తాయి, బొమ్మలో ఆకాశం ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా వస్తుంది. అదే 1+1 కలిపితే 26 దగ్గర కూడా ఏడు నిమిషాలకు పైనే చేతిలో ఉంటుంది. అందుకే ఎండాకాలంలో నేను చిక్కటి డెవలపర్ ముట్టుకోను. బకెట్లో ఐసు ముక్కలు వేసి 20కి దించవచ్చు, నిజమే. కానీ డెవలపర్ని దించి, కడిగే నీళ్లను వేడిగా వదిలేస్తే ఏం లాభం? బొమ్మను చెరిగిపోకుండా నిలబెట్టే ఫిక్సరు, చివరి నీళ్లు అన్నీ ఒకే వేడిలో ఉండాలి. అన్నిటినీ 25, 26 దగ్గర నిలబెట్టుకోవడమే నాకు తేలిక.

డి-76 ప్యాకెట్ దొరక్కపోతే సొంతంగా కలుపుకుంటాను. 50 డిగ్రీల వేడి నీళ్లు ముప్పావు లీటరు తీసుకుని మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2 వరసగా కరిగించి, లీటరుకి నింపాలి. ఈ వరస మార్చకండి. సల్ఫైట్ అంతా ముందే పడితే మెటాల్ కరగనని మొండికేస్తుంది. సల్ఫైట్ చిటికెడు మాత్రం మెటాల్ కన్నా ముందు వేయొచ్చు. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, సీసా అడుగున తెల్లటి పొడి పేరుకునేది. ఇరవై లీటర్ల క్యాను నీళ్లకు మారాక ఆ బాధ లేదు, ఆరిన ఫిల్మ్ మీద మచ్చలూ తగ్గాయి.

ఇక తేడా కళ్లతో చూడాలంటే మా ఊరి కొమ్ము పని చూడాలి. పశువుల కొమ్ముతో కొంగలు, చేపలు చెక్కి నల్లగా నిగనిగలాడేలా మెరుగు పెడతారు. ఒక కొంగను అరుగు మీద పెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా చూసి, రెండు రోళ్ల మీద ఒకేలా తీశాను. ఒకటి రోడినాల్ అనే ద్రవ డెవలపర్ 1+50లో (ఒక వంతు మందుకి యాభై వంతుల నీళ్లు), రెండోది డి-76 1+1లో కడిగాను. రోడినాల్‌లో ముక్కు మీది ఉలి గీతలు కోసినట్టు వచ్చాయి, కానీ పొట్ట కింద అంతా నల్లటి ముద్ద. డి-76లో గీతల పదును కాస్త తగ్గింది, పొట్ట గుండ్రం మాత్రం కనబడింది. రెండు ప్రింట్లూ చెక్కినాయన ముందు పెడితే రెండోదాని మీద వేలు పెట్టి, "ఇందులో ఒళ్లు తెలస్తంది బాబూ" అన్నాడు. అప్పట్నుంచి నల్లటి వస్తువులకి, నీడలో కూర్చున్న మనుషులకి డి-76 తప్ప వేరేది వాడలేదు. హెచ్‌పీ5ని దాని ఐఎస్‌ఓ స్పీడు 400 దగ్గర కాకుండా 250 దగ్గర, అంటే వెలుతురు కాస్త ఎక్కువిచ్చి తీస్తే ఇంకా నయం.

అలాగని రోడినాల్‌ని తీసిపారేయలేను. 1891 నాటి మందు, ఇప్పుడు ఆర్09 లాంటి పేర్లతో వస్తోంది. సగం వాడిన సీసా మూత బిగించి బీరువాలో పెడితే ఏళ్లు గడిచినా పనిచేస్తుంది. రంగు చూస్తే మాత్రం భయమేస్తుంది, చిక్కటి కషాయంలా అవుతుంది. మూడు వందల మిల్లీలీటర్ల ట్యాంకుకి 1+50 అంటే ఆరు మిల్లీలీటర్లు చాలు, మందుల షాపు సిరంజితో తీసుకుంటాను. డి-76 స్టాకు (పలచన చేయని ద్రావణం) నిండు సీసాలో ఆరు నెలలు, సగం సీసాలో రెండు నెలలు అని కొడాక్ లెక్క, మా వేడిలో నేను అంతవరకూ నమ్మను. చిన్న గాజు సీసాల్లో అంచుదాకా నింపి దాచుకుంటాను. కాబట్టి ఎప్పుడో ఒక రోలు కడిగేవాళ్లు రోడినాల్ కొనుక్కోండి, ఎఫ్‌పీ4 లాంటి నెమ్మది ఫిల్మ్ వాడితే గ్రెయిన్ గొడవ కూడా ఉండదు. మహేంద్రగిరి కొండ బండరాళ్లను నేను ఈ జోడీతోనే తీస్తాను. చిక్కల్లా తెప్పించుకోవడంలోనే. ద్రవాలు పంపడానికి చాలామంది ఒప్పుకోరు, ఒకసారి అట్టపెట్టె సగం తడిసి వచ్చింది. పొడులకు ఆ బెడద లేదు.

విటమిన్ సి బాపతుదే కొడాక్ ఎక్స్‌టాల్ డెవలపర్ కూడా వాడాను. గ్రెయిన్, నీడలు రెండూ డి-76 కన్నా ఒక మెట్టు పైనే. కానీ ఈ బాపతు డెవలపర్లు పాడైతే పైకి తెలియదు. రంగు మారదు, ఫిల్మ్ ఖాళీగా వస్తుంది. వాడేముందు ఫిల్మ్ కొసముక్క ఒకటి వెలుతుర్లోనే ముంచి నల్లబడుతుందో లేదో చూసుకునే ఓపిక ఉంటే తీసుకోండి.

ఇన్‌స్టంట్ కాఫీ, వాషింగ్ సోడా, విటమిన్ సి కలిపి కడిగే కాఫినాల్ సరదా కూడా తీర్చుకున్నాను. బొమ్మ బాగానే వస్తుంది. కోరాపుట్ కాఫీ పక్కనే దొరుకుతుంది కదా అని అది తేకండి, అది అరబికా. ఈ పనికి చవక రోబస్టా ఇన్‌స్టంట్ పొడే నయం. కంపు మాత్రం మామూలుగా ఉండదు, ఇంట్లోవాళ్లు ఊరెళ్లినప్పుడు పెట్టుకోండి.