చికోలో కెన్ గ్రాస్‌మన్ చేతిపని చూసొచ్చాం

అమెరికాలో క్రాఫ్ట్ బీర్‌కు, అంటే చిన్న తయారీదారులు తమదైన రుచితో చేసే బీరుకు, దారి వేసిన తొలితరం వాళ్లలో కెన్ గ్రాస్‌మన్ ఒకరు. ఆయన ఎలాంటివారో తెలియాలంటే ఉత్తర కాలిఫోర్నియాలోని చికో వెళ్లి ఆయన పెట్టిన సియెర్రా నెవాడా బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి కారులో సుమారు మూడు గంటలు. ఓర్లాండ్ దగ్గర ఐ-5 హైవే దిగి 32వ నంబరు రోడ్డెక్కితే దారి పొడవునా బాదం, వాల్‌నట్ తోటలే. కోస్ట్ స్టార్‌లైట్ రైలు కూడా ఉంది గానీ చికోలో అర్ధరాత్రి దాటాక దింపుతుంది. పిల్లలున్నవాళ్లకు అది వద్దు.

బ్రూవరీ టూర్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. రుచి చూడాలంటే ఇరవై ఒకటి నిండినట్టు ఐడీ ఉండాలి. మా గైడ్‌కు పని మీద ప్రేమ ఉంది, ఏ ప్రశ్నకీ విసుక్కోలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వులు నిల్వ ఉంచే చల్లటి గది. పొడి కొట్టని కాస్కేడ్ రకం హాప్ పువ్వు ఒకటి తీసుకుని అరచేతుల మధ్య నలిపితే, లోపలి పసుపు పొడి వేళ్లకు జిగురుగా అంటుకుని, పంపరపనస తొక్క గిల్లినట్టు గుప్పున వాసన వచ్చింది. వాళ్లకు పేరు తెచ్చిన పేల్ ఏల్ అనే బీరు రుచంతా ఆ వాసనలోనే ఉంది.

గ్రాస్‌మన్ సైకిల్ షాపులో పనిచేసినవారు. 1976లో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకు సామాన్లు అమ్మే కొట్టు పెట్టారు. సోనోమాలో జాక్ మెకాలిఫ్ నడిపిన న్యూ ఆల్బియన్ అనే చిన్న బ్రూవరీని చూశాక సొంత బ్రూవరీ మీద ధైర్యం వచ్చింది. అప్పట్లో చిన్న బ్రూవరీకి సరిపడే యంత్రాలు అమ్మేవాళ్లే లేరు. అందుకే పాత డెయిరీ ట్యాంకులు కొని, వెల్డింగ్ నేర్చుకుని తనే అమర్చుకున్నారు. 1980 నవంబరులో తొలి బ్యాచ్ కాచారు. పేల్ ఏల్ రుచి నిలకడగా వచ్చేదాకా బ్యాచ్‌లకు బ్యాచ్‌లు పారబోశారు. అప్పు తెచ్చి పెట్టిన వ్యాపారంలో అలా చేయడానికి ఎంత గుండె ఉండాలి! ఇప్పుడు అద్దాల వెనక మెరిసే పెద్ద రాగి కాగులు జర్మనీ నుంచి తెప్పించినవి.

2018లో పక్కనే ఉన్న పారడైజ్ ఊరు కార్చిచ్చులో కాలిపోయినప్పుడు ఈ బ్రూవరీ రెజిలియన్స్ ఐపీఏ (హాప్స్ ఎక్కువగా వేసే రకం బీరు) తయారుచేసి, ఆ అమ్మకాల సొమ్ము బాధితులకిచ్చింది. ఆ బీరును తామూ కాచి సాయం చేయమని పిలిస్తే దేశమంతా వెయ్యికి పైగా బ్రూవరీలు కలిసొచ్చాయి. నాకు గ్రాస్‌మన్ మీద గౌరవం రెట్టింపైంది అక్కడే.

బస విషయానికొస్తే, మేం దిగిన హైవే పక్క హోటల్ చవకే గానీ రాత్రంతా లారీల మోత, కాఫీ నీళ్లలా ఉంది. డౌన్‌టౌన్‌లో దిగడమే మేలు. బ్రూవరీకి క్యాబ్‌లో కాసేపే, తాగాక డ్రైవింగ్ టెన్షన్ ఉండదు. మే నెలలో యూనివర్సిటీ స్నాతకోత్సవం రోజుల్లో గదులు దొరకవు. బ్రూవరీ రెస్టారెంట్‌లో శాకాహారులకు కట్టెల పొయ్యి పిజ్జా బాగుంది, వారాంతం సాయంత్రం మాత్రం చాలాసేపు ఆగాలి. తాగనివాళ్లకూ పొద్దుపోతుంది: బిడ్‌వెల్ పార్కులో వాగుకు అడ్డుకట్ట కట్టి చేసిన ఈత కొలను ఉంది, మా పిల్లలు ఒక పట్టాన బయటికి రాలేదు. జులై, ఆగస్టుల్లో ఎండ మన రెంటచింతలను తలపిస్తుంది కాబట్టి అక్టోబరు మంచిది.

షార్లెట్ వైపు ఉండేవాళ్లకు ఇదే కంపెనీ బ్రూవరీ నార్త్ కరోలినాలోని మిల్స్ రివర్‌లో దగ్గర. కట్టడం, తోట అక్కడ ఇంకా అందంగా ఉంటాయంటారు. అయినా కథ మొదలైన ఊరు చికో, నేనైతే ముందు దీనికే వెళ్లమంటాను.