తిమ్మమ్మ మర్రిమాను: చిత్రాన్నం కట్టుకుని వెళ్లండి

మాది అనంతపురమే అయినా ఈ చెట్టు చూడ్డానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. మొన్న అమ్మ పట్టుబడితే కదిలాం. 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, అమ్మ లెక్కలో ఇంకా మన జిల్లానే.

ముందురోజు రాత్రి కదిరిలో దిగాం. బస్టాండు దగ్గర లాడ్జి, రూము 1,200. దుప్పట్లు శుభ్రం, గీజరు మాత్రం అలంకారం. పొద్దున్నే లక్ష్మీనరసింహస్వామి దర్శనం ప్రశాంతంగా అయింది. ఖదిర, అంటే చండ్ర చెట్టు పేరు మీదే ఊరికి కదిరి అని వచ్చిందంటారు. గుడి బయట మల్లెపూలు కొనకుండా అమ్మ కదల్లేదు.

అక్కడి నుంచి చెట్టున్న ఊరు గూటిబయలు సుమారు పాతిక కిలోమీటర్లు. బస్సుల కోసం కాచుకునే ఓపిక లేక, రానూపోనూ 1,000కి ఆటో మాట్లాడుకున్నాం.

"ఇన్ని చెట్లున్నాయి, ఇందులో మర్రిమాను యాడుందే?" అంది అమ్మ దిగగానే. అన్నీ కలిపి ఒకటే చెట్టు! ఊడలు దిగి, లావెక్కి, మాన్లయిపోయాయి. దాదాపు అయిదెకరాల నీడ. 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. లేత ఊడలు నేలకు అందేదాకా ఎండిపోకుండా వెదురు బొంగుల్లో మట్టీ ఎరువూ నింపి కట్టారు. పక్కనే ఒక ఊడకు పిల్లల కోసం మొక్కుకున్న వాళ్లెవరో కట్టిన గుడ్డ ఉయ్యాల.

1434లో తిమ్మమ్మ భర్తతో సహగమనం చేసిందని, చితికి పాతిన గుంజ చిగురించి ఈ మర్రి అయిందని స్థలపురాణం. ఆ మంటను తలుచుకుంటే నాకైతే చేతులు జోడించబుద్ధి కాలేదు. అమ్మ మాత్రం చిన్న గుడిలో తిమ్మమ్మకు మల్లెలు పెట్టింది. "దక్షిణామూర్తి కూర్చునేది మర్రి కిందే, వటపత్రశాయి పడుకునేది మర్రాకు మీదే, నీకేం తెలుసు" అని నాకో చురక కూడా.

"ఆకు తెంపగాకండక్కా, మంచిది కాదు" అన్నాడు ఆటో అతను. ఆ భయమే లేకపోతే ఇంత పెద్ద మాను గొడ్డలికి దక్కకుండా ఉండేదా అనిపించింది. రాలిన పండొకటి తీసి చీల్చాను. గసగసాల్లాంటి గింజలు, మధ్యలో నలుసంత పురుగు. మేడిపండు పొట్టలో పురుగులని వెక్కిరించిన వేమన సమాధి ఉన్న కటారుపల్లి ఇటువైపే. మేడి, మర్రి దగ్గరి చుట్టాలే. పూలు కాయ లోపలే పూస్తాయి, వాటికి పుప్పొడి మోసేది కందిరీగల కుటుంబానికి చెందిన ఆ నలుసులే. అవి రాకపోతే గింజే లేదు. పండు తిన్న పిట్ట ఎక్కడ రెట్ట వేస్తే అక్కడ ఇంకో మర్రి, ఒక్కోసారి మన మేడ గోడ మీదే!

సౌకర్యాల సంగతి చెప్పాలంటే, చెట్టుకి పదికి పది, మిగతా వాటికి మూడు. మరుగుదొడ్డి కుళాయిలో నీళ్లు రాలేదు. విడిది గదికి తాళం, తాళంచెవి ఉన్నాయన ఊళ్లో లేడట. భోజనం దొరకలేదు, టీ దొరికింది. శివరాత్రి జాతరకు జనం కిటకిటలాడతారు, నిదానంగా చూడాలంటే మామూలు రోజే మేలు.

అమ్మ రాలిన ఆకులు నాలుగు ఏరి, చీపురుపుల్లతో దొప్ప కుట్టి, మేం తెచ్చుకున్న చిత్రాన్నం ముందు ఆటో అతనికి పెట్టింది.