తాతగారి గ్రామఫోను రికార్డులు: ఏళ్ల తరబడి విన్నాక

మా తాతగారి నుంచి వచ్చిన గ్రామఫోను రికార్డులను విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో చాలా ఏళ్లుగా వింటున్నాను. వాటిలో ఎక్కువ భాగం నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు, మిగిలినవి ఎల్‌పీలు, అంటే ఎక్కువసేపు పాడే తర్వాతి కాలపు రికార్డులు. చెవికి హాయి ఒక్కటే లెక్క అయితే ఎల్‌పీలదే పైచేయి. అయినా నా చెయ్యి ముందుగా వెళ్లేది లక్క రికార్డుల మీదికే.

పది అంగుళాల 78 రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు 3 నిమిషాల సంగీతం. కచేరీలో అరగంట సాగే రాగాన్ని విద్వాంసుడు ఆ కాస్త వ్యవధిలోనే రూపు కట్టించాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విన్నప్పుడు, ఎత్తుగడలోనే రాగం తేటపడిపోవడం, అంత ఇరుకులోనూ కమానులో ఎక్కడా తొందర లేకపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తాయి. బెంగుళూరులో పుట్టినా ఆయన పెరిగింది విశాఖపట్నంలోనే. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. తాతగారు ఆయనను "మన ఫిడేలు నాయుడు గారు" అని తప్ప మరోలా అనేవారు కాదు.

నాటక పద్యాల సంగతి వేరు. రంగస్థలం మీద తీరిగ్గా రాగం తీసే నటుడు రికార్డులో నాలుగో పాదానికి వచ్చేసరికి రైలు అందుకోవాలన్నట్టు పరుగెత్తుతాడు. "వన్స్‌మోర్" అని కేకవేసే జనమూ ఉండరు. ఈ రికార్డుల దగ్గరే నాకొక సంగతి బయటపడింది. తాతగారు శాస్త్రీయ సంగీతం తప్ప మరొకటి వినేవారు కారని మా ఇంట్లో ప్రతీతి. అయితే వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే ఫిడేలు రికార్డు గాళ్లు (పిన్ను నడిచే సన్నని చాళ్లు) నల్లగా మెరుస్తున్నాయి, రాయబారం పద్యాల రికార్డు మాత్రం ఉక్కు పిన్ను రాపిడికి బూడిదరంగుకు తిరిగిపోయింది. ఇదేమిటని నానమ్మను అడిగితే, "మీ తాతగారు ఆఫీసుకెళ్లాక నేనే వేసుకునేదాన్నిరా" అంది.

ఇక వాడకం. 78 రికార్డు గాడి వెడల్పు ఎక్కువ కనుక ఎల్‌పీ పిన్ను దాని అడుగుకు జారి గరగరమంటుంది. వేరే పిన్ను తప్పనిసరి. పాత రికార్డులన్నీ సరిగ్గా 78 వేగంతోనే నమోదైనవి కావు, అందువల్ల వేగం సర్దే మీట ఉన్న టర్న్‌టేబుల్ తీసుకోవడం మంచిది. నేను హార్మోనియం శ్రుతితో సరిచూసుకుంటాను. మన సముద్రపు తేమకు అట్ట కవర్లు బూజు పడతాయి కాబట్టి వానాకాలంలో బీరువాను తరచుగా తెరిచి చూడక తప్పదు. లక్క రికార్డును స్పిరిట్‌తో మాత్రం తుడవకూడదు, లక్క అందులో కరిగిపోతుంది. రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచాలి.

పాతవి కొనదలచినవారు అంచును వేలితో మెల్లగా తట్టి చూడండి. బొంగురుగా పలికితే సన్నని పగులు ఉన్నట్టే, దానిని వదిలేయండి. గాళ్లు బూడిదరంగుకు తిరిగిన రికార్డుకు ధర తగ్గించమని అడగండి గానీ, వినకుండా పక్కన పెట్టకండి.