ఆరేళ్ళు తొడిగిన ముర్జానీ జీన్స్: లేబుల్ పోయాక

అమెరికాలో పేరున్న ధనిక కుటుంబపు ఆవిడ గ్లోరియా వాండర్‌బిల్ట్. ఆవిడ పేరుతో వచ్చిన జీన్స్ గురించి పాత డెనిమ్ మీద మోజున్నవాళ్ళకి కొత్తగా చెప్పేదేమీ లేదు. వెనక జేబు మీద ఆవిడ సంతకం, ముందు చిన్న జేబు మీద హంస, అందరూ ఎరిగినవే. ఆరేళ్ళు తొడిగాక నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం పైకి కనబడనిది: నడుము పట్టీ లోపల వేలెడంత తెల్ల లేబుల్. పోయిన చలికాలంలో దాన్నే పోగొట్టుకున్నాను.

ఈ జీన్స్ న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ బట్టల షాపులో 12 డాలర్లకి దొరికింది. లోపల తిప్పి చూస్తే గ్లోరియా వాండర్‌బిల్ట్ పేరు కింద ‘ఫర్ ముర్జానీ’ అని ఉంది. ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. “ఇదేమిటే, మనవాళ్ళ పేరులా ఉంది!” అంది. నిజమే. మోహన్ ముర్జానీ మన దేశపు వ్యాపారి. హాంగ్ కాంగ్‌లో బట్టల వ్యాపారం. 1976లో వాండర్‌బిల్ట్ పేరుతో ఆడవాళ్ళ జీన్స్ తెద్దామని అడిగింది ఆయన కంపెనీయే. 2002లో ఆ బ్రాండ్‌ని జోన్స్ అపారెల్ గ్రూప్ కొనుక్కుంది. ఇప్పుడు షాపుల్లో దొరికే కొత్తవాటి మీద ముర్జానీ పేరుండదు. అందుకే ఆ ఒక్క పేరు చూడగానే వయసు సగం తెలిసిపోతుంది.

మిగతా సగం చెప్పింది తెల్ల లేబులే. ఎలా ఉతకాలో అంతా మాటల్లోనే రాసి ఉంది, ఒక్క బొమ్మ కూడా లేదు. అమెరికాలో ఉతికే విధానం చెప్పే లేబుల్ ఊడిపోకుండా కుట్టాలన్న నియమం 1972 జూలైలో వచ్చింది. మాటలు లేకుండా బొమ్మలు మాత్రమే వేసుకోవచ్చని 1997 జూలైలో అనుమతించారు. కాబట్టి అన్నీ మాటలే ఉన్న నా లేబుల్ బహుశా అంతకు ముందుది. వందకి వంద శాతం కాటన్ అని కూడా రాసి ఉంది. ఎలాస్టిక్ దారం కలవని ఆ గట్టి గుడ్డని చేత్తో పట్టుకుంటేనే పాతదని తెలుస్తుంది.

నేను కాస్త సన్నబడి నడుము వదులైంది. పట్టీ వెనక భాగం విప్పి లోపలికి తీయమని ఒక ఆల్టరేషన్ షాపులో ఇచ్చాను. లేబుల్ జాగ్రత్త అని చెప్పడం మర్చిపోయాను. పని మాత్రం శుభ్రంగా చేశారు, కుట్టు తిన్నగా ఉంది. ఇంటికొచ్చి లోపల తిప్పితే గుండె జారిపోయింది. ముర్జానీ పేరున్న లేబుల్‌ని తిరిగి కుట్టారు. తెల్లదాన్ని మాత్రం కుట్టు దగ్గరికి కత్తిరించేశారు. గోరంత ముక్క మిగిలింది, దాని మీద పైవరుస అక్షరాల పై సగాలు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి అడిగితే, అది గుచ్చుకుంటుందని చాలామంది తీసేయమంటారండీ అన్నారు. చెత్తబుట్ట అప్పటికే ఖాళీ చేశారు. కారులో కూర్చుని ఏడ్చాను.

లేబుల్ ఉంటే చాలు, ఏ ఏడాదిదో చెప్పేయొచ్చని మొదట్లో స్నేహితులందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. రెండేళ్ళ కిందట 1976 నాటిదంటే నమ్మి 90 డాలర్లు పెట్టి ఒక డెనిమ్ జాకెట్ కొన్నాను. అమ్మినామె చూపించిన ఆధారం ఆర్‌ఎన్ నంబరు, అంటే అమెరికాలో బట్టల కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే, లేబుల్ మీద వేసే గుర్తింపు సంఖ్య. దాన్లోంచి 13670 తీసేసి, 2635తో భాగించి, 1959 కలిపితే సంవత్సరం వస్తుందని ఒక లెక్క ఉంది. నంబరు 60000 అనుకుంటే 1976 వస్తుంది. అయితే ఆ లెక్క చెప్పేది కంపెనీకి నంబరు ఇచ్చిన ఏడాది, అదీ సుమారుగా. అదే నంబరుతో ఆ కంపెనీ 20 ఏళ్ళ తర్వాత కూడా బట్టలు కుట్టొచ్చు. ఆ జాకెట్ లేబుల్ వెనక్కి తిప్పితే తొట్టి, త్రికోణం, ఇస్త్రీపెట్టె బొమ్మలే తప్ప ఒక్క మాట లేదు. అంటే 1997కి ముందుది కావడం కష్టం.

నా జీన్స్ 70ల చివరినుంచి 80ల మొదటి సగం లోపుదనే ఇప్పటికీ నమ్ముతున్నాను. బొడ్డు దాకా వచ్చే నడుము, తిన్నగా దిగే కాళ్ళు, ముదురు నీలం, పేరున్న లేబుల్, అన్నీ అటే చూపిస్తున్నాయి. పుట్టిన ఏడాది ఇదీ అని ఒక్క అంకె మాత్రం చెప్పలేను.

కొనమంటారా అంటే, నాకు కుదిరింది కాబట్టి కొనమంటాను. నాది ఐదడుగుల రెండంగుళాల ఎత్తు, సన్నని నడుము, జీన్స్ ఒప్పుకునే ఆఫీసు. కారులో గంట కూర్చుంటే పొట్ట దగ్గర ఒరుసుకుంటుంది, సాగే గుడ్డకి అలవాటుపడ్డవాళ్ళకి నచ్చకపోవచ్చు. సైజు అంకె చూసి తీసుకోవద్దు. దీని మీద 10 అని ఉంది, ఇప్పటి షాపుల్లో నాకు 4 సరిపోతోంది. టేపుతో నడుము కొలుచుకుని కొనండి. దర్జీకి ఇచ్చేముందు లేబుళ్ళు రెండువైపులా ఫోటో తీసుకోండి. నా దగ్గర హంస ఫోటోలు పదకొండున్నాయి, తెల్ల లేబుల్‌ది ఒక్కటీ లేదు.