దక్షిణ కొరియా శరణార్థి దరఖాస్తు సేవ: మెన్షియస్ కొలతకు ఎంతవరకు నిలుస్తుంది?

కన్ఫ్యూషియన్ నీతి సొంత కుటుంబం గడప దాటదని, అందుకే తూర్పాసియాలో శరణార్థులకు చోటుండదని తేల్చేసేవాళ్లు చాలామంది. కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్‌ను చదివితే ఆ మాట నిలవదు. కొలువు దొరకని పండితుడు ఆకలితో ఇల్లు కదలలేని స్థితికి వస్తే, తన నేల మీద అతను పస్తుండటం తనకే సిగ్గని పాలకుడు ఆదుకోవాలంటాడాయన. బాధ్యతకు ఆధారం నేల. బంధుత్వం ఊసే లేదు.

చట్టం వరకు సేవ బాగుంది, 5కి 4 ఇవ్వొచ్చు. 2013 జులై 1న అమల్లోకి వచ్చిన శరణార్థుల చట్టం ప్రకారం విమానాశ్రయంలోనే దరఖాస్తు పెట్టొచ్చు. దాన్ని విచారణకు పంపాలో లేదో 7 రోజుల్లో తేల్చాలి. విచారణ గడువు 6 నెలలు, మరో 6 నెలలు పొడిగించే వీలుంది. ఇంటర్వ్యూకు దుబాసీ ఉంటారు. రికార్డింగ్ అడిగితే కాదనకూడదు, కాబట్టి తప్పక అడగాలి. అనువాదంలో జారిపోయిన మాటను తర్వాత చూపించాలంటే అదే గట్టి ఆధారం.

తేడా కొట్టేది కడుపు దగ్గర. పని అనుమతి దరఖాస్తు పెట్టిన 6 నెలలకు గానీ రాదు. ఆలోగా జీవన భృతి అధికారుల విచక్షణ, విడిగా అడగాలి. ఈ చిక్కు మెన్షియస్‌కు బాగా తెలుసు. ప్రాచీన చైనాలోని లూ రాజ్యాధిపతి కన్ఫ్యూషియస్ మనవడికి పదే పదే వండిన మాంసం పంపేవాడట. ప్రతిసారీ వంగి దండం పెట్టాల్సి రావడంతో ఆయన విసిగి, తనను కుక్కలా గుర్రంలా మేపుతున్నారని తిప్పి పంపేశాడు. మొదటిసారి మాత్రమే ప్రభువు ఆజ్ఞగా రావాలి, ఆ తర్వాత ధాన్యపు కొట్టు నుంచి, వంటశాల నుంచి దానంతటదే అందాలన్నది మెన్షియస్ చెప్పిన పద్ధతి. ఇక్కడికి వర్తింపజేస్తే, దరఖాస్తు నమోదైన రోజే భృతి మొదలై పని అనుమతి దాకా ఆగకుండా సాగాలి. ఈ విభాగానికి 1 మించి ఇవ్వలేం.

ఇక మానవతా నివాస అనుమతి, అంటే శరణార్థిగా గుర్తించకుండానే దేశంలో ఉండనివ్వడం. 2018లో జేజూ ద్వీపంలో 484 మంది యెమెన్ దరఖాస్తుదారుల్లో శరణార్థి గుర్తింపు ఇద్దరికే దక్కింది, 412 మందికి ఈ అనుమతితో సరిపెట్టారు. పని చేసుకోవచ్చు, కానీ భార్యాబిడ్డలను రప్పించుకునే హక్కు గుర్తింపు పొందినవాళ్లకే. ప్రేమ ఇంట్లో మొదలై బయటికి పాకుతుందని నమ్మే సంప్రదాయం ఉన్న దేశం మనిషికి చోటిచ్చి కుటుంబాన్ని ఆపేయడం విడ్డూరం. దీన్ని ఏ కన్ఫ్యూషియన్ వాదంతోనూ సమర్థించలేం.

ఈ అనుమతి చేతికొచ్చినా గుర్తింపు నిరాకరించినట్టే లెక్క. కాబట్టి 30 రోజుల్లో న్యాయశాఖ మంత్రికి అభ్యంతరం పెట్టుకోవచ్చు. ఆ గడువు దాటనివ్వకండి.