కోడిపిల్లకు జబ్బు చేస్తే ఏది మేలు: వంటింటి పసుపా, షాపు పొడా, టీకా చుక్కా?

పెరట్లో పది పదిహేను పిల్లల్ని పెంచుకునే ఇంట్లో ఒక పిల్ల రెక్కలు వాల్చి మూలన ముడుచుకుందంటే, మన ఊళ్లలో జరిగే తంతు దాదాపు ఒకటే. పెద్దావిడ పసుపు, వెల్లుల్లి నూరి గొంతులో పోస్తుంది. సాయంత్రానికి తేరుకోకపోతే ఎవరో ఒకరు బజారుకెళ్లి "కోడిపిల్లలు తూగుతున్నాయి, మందివ్వండి" అని అడిగి యాంటీబయాటిక్ పొడి తెస్తారు. సగం పిల్లలు పోయాక పశువుల డాక్టరు గుర్తొస్తాడు. ఆయన అడిగే మొదటి మాట "టీకా వేయించారా?"

ఈ మూడింటిలో ఏది మేలో చెప్పాలంటే ముందు రెండు సంగతులు తెలియాలి: పిల్ల వయసెంత, రెట్ట ఎలా ఉంది. అవి తెలిశాక ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. అందరూ ముందుగా కొనేది షాపు పొడే. చాలా సందర్భాల్లో అన్నిటికంటే తక్కువ పనికొచ్చేదీ అదే.

రెట్ట ఏం చెబుతుంది

ఆరోగ్యంగా ఉన్న పిల్ల రెట్ట గోధుమ రంగులో గట్టిగా, పైన తెల్లటి టోపీతో ఉంటుంది. ఎనిమిది పది రెట్టలకు ఒకసారి చాక్లెట్ రంగులో జిగటగా, కంపు కొట్టే రెట్ట పడుతుంది. అది చూసి విరేచనాలనుకుని కంగారుపడి మందు వేసేవాళ్లున్నారు. అది జబ్బు కాదు. పేగు చివర ఉండే రెండు తిత్తులు ఖాళీ అయినప్పుడు అలాగే వస్తుంది.

మొదటి రెండు మూడు వారాల్లో తెల్లగా సున్నంలా పారుతూ, వెనక భాగం నూగుకు అంటుకుని గడ్డకట్టిందంటే రెండు కారణాలుండొచ్చు. ఒకటి చలి. రెండోది తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చే, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా తెచ్చే తెల్లపారుడు. ఒకటి రెండు పిల్లలకే ఉండి, గోరువెచ్చని నీటితో తుడిచి వెచ్చగా ఉంచితే మర్నాటికి హుషారుగా తిరుగుతున్నాయంటే చలే. వరసగా చస్తుంటే రెండోదని అనుమానించాలి.

మూడు నుంచి ఆరు వారాల మధ్య ఎర్రగా, ఇటుకపొడి కలిపినట్టో నెత్తురు ముద్దలాగో వస్తే అది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. వానాకాలంలో, ఊక తడిసిన చోట దీని బెడద ఎక్కువ. ఇదే వయసులో నీళ్లలా తెల్లగా పారుతూ, పిల్ల తన వెనక భాగాన్ని తానే పొడుచుకుంటుంటే గంబోరో అనే వైరస్ జబ్బు కావచ్చు. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, నోరు తెరిచి గురక, తర్వాత మెడ వెనక్కి మెలితిరగడం, కాళ్లు పడిపోవడం కనిపిస్తే కొక్కెర తెగులే అనుకోవచ్చు. డాక్టర్లు దాన్ని రాణిఖేత్ అంటారు. 1927లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో మన దేశంలో మొదటిసారి గుర్తించారు కాబట్టి ఆ ఊరి పేరే మిగిలిపోయింది.

పసుపు, వెల్లుల్లి, వేప

ఇంటి వైద్యాన్ని తీసిపారేయను. మశూచి వచ్చి జుట్టు మీద, కంటి చుట్టూ పొక్కులు కట్టినప్పుడు పసుపును వేపనూనెలో కలిపి రాస్తే పొక్కులు చీము పట్టకుండా మానుతాయి. మిగతావి పొడిచి చేసిన గాయాలకూ అంతే. ప్రయాణంతో అలసిన పిల్లలకు మొదటి రోజు బెల్లం నీళ్లు మంచి ఆసరా.

గొంతులో పోయడంతోనే గొడవ. కోడిపిల్ల నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లోనే చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అది ఊపిరి గొట్టం. తల పైకెత్తి చెంచాడు పసుపు రసమో, కొందరు పోసే సారా చుక్కో వంచితే సగం అందులోకే పోతుంది. రోగంతో కాకుండా ఊపిరాడక చచ్చిపోయే పిల్లలు తక్కువేం కాదు. నీళ్లయినా మందైనా ముక్కు పక్కన ఒక్కో చుక్క పెట్టాలి, అది నాలుక ఆడించి మింగేదాకా ఆగాలి.

ఇక కొక్కెర తెగులుకు, రక్తపారుడుకు వెల్లుల్లి పని చేస్తుందని నమ్మి కూర్చుంటే ఆ రెండు రోజులూ వృథా. రక్తపారుడులో ఆ రెండు రోజులే ప్రాణం.

షాపు పొడి

యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పని చేస్తుంది. కొక్కెర తెగులు, గంబోరో, మశూచి వైరస్‌ల వల్ల వచ్చేవి. రక్తపారుడు ఐమీరియా అనే ఏకకణ జీవి వల్ల వస్తుంది. అంటే పెరటి పిల్లల్ని ఎక్కువగా తినేసే జబ్బుల్లో చాలావాటికి ఆ పొడి మందే కాదు. పనికొచ్చేది తెల్లపారుడులో, బొడ్డు వాచి చీము పట్టినప్పుడు, ముక్కు కారుతూ గరగర శబ్దంతో రోజుల తరబడి సాగే శ్వాస జబ్బులో. వాటికి కూడా ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి. తెల్లపారుడు నుంచి బతికిన పిల్లలు పెద్దయ్యాక గుడ్ల ద్వారా ఆ రోగాన్ని తర్వాతి తరానికి ఇస్తాయి కాబట్టి వాటి గుడ్లు పొదిగించకూడదు.

నాకు కోపం వచ్చేది కొలత దగ్గర. వెయ్యి కోళ్ల ఫారానికి తయారుచేసిన పొడిని పన్నెండు పిల్లల గిన్నెలో చిటికెడు వేసి, రెండో రోజు కాస్త తేరుకోగానే ఆపేస్తాం. బ్యాక్టీరియా మందుకు అలవాటుపడటానికి ఇంతకంటే మంచి దారి లేదు. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకునే కొలిస్టిన్‌ను కూడా ఇలాగే కోళ్లకు వాడుతుంటే, 2019 జూలైలో కేంద్రం ఆహారం కోసం పెంచే జంతువులన్నిటికీ దాన్ని నిషేధించింది. మందు వేసిన కోడి గుడ్డునూ మాంసాన్నీ ఎన్నాళ్లు తినకూడదో డబ్బా మీద రాసి ఉంటుంది. మనింట్లో పిల్లలు తినే గుడ్డు అది, ఆ వరుస తప్పకుండా చదవండి.

రక్తపారుడుకు మాత్రం మందే మేలు

ఇక్కడ పసుపూ కాదు, మామూలు యాంటీబయాటిక్కూ కాదు. అడగాల్సింది ఆంప్రోలియం. 20 శాతం పొడి అయితే లీటరు నీటికి సుమారు 0.6 గ్రాములు, తీవ్రంగా ఉంటే 1.2 గ్రాముల వరకు, మూడు నుంచి ఐదు రోజులు. తర్వాత మొదటి మోతాదులో సగం చొప్పున వారం, రెండు వారాలు. మీ చేతిలో ఉన్న ప్యాకెట్ శాతం వేరైతే దాని మీద రాసిందే పాటించాలి. జబ్బు చేసిన పిల్ల మేత మానేసినా నీళ్లు తాగుతుంది, అందుకే మందు నీళ్లలో ఇస్తారు. ఆ రోజుల్లో పెరట్లో ఇంకెక్కడా నీళ్లుండకూడదు, బోరు దగ్గరి గుంటతో సహా.

ఒక విషయం చాలామందికి తెలియదు. ఆంప్రోలియం రక్తపారుడు తెచ్చే ఆ ఏకకణ జీవికి బి1 విటమిన్ అందకుండా చేసి చంపుతుంది. బలానికని అదే నీళ్లలో బి కాంప్లెక్స్ కలిపితే మందు బలమే తగ్గుతుంది. విటమిన్లు కోర్సు అయ్యాకే.

సల్ఫా మందులు కూడా రక్తపారుడు మీద పని చేస్తాయి. అయితే మోతాదు కాస్త మించినా వాటి వల్లే లోపల నెత్తురు కారుతుంది. చిన్న పిల్లలకు, ఇంట్లో చేత్తో కొలిచే మనకు, ఆంప్రోలియమే భద్రం.

మందుతో సమానంగా ఊక మార్చాలి. రెట్టలో పడిన ఆ జీవి గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించేలా తయారవుతాయి. తడి ఊకలో మందు వేస్తూ కూర్చుంటే ఎంతకీ తెగదు.

కొక్కెర తెగులుకు టీకా ఒక్కటే

ఒకసారి వచ్చాక దీనికి మందు లేదు. టీకా లేని గుంపులో ఒకటీ అరా మిగిలితే గొప్ప. కాబట్టి ఇక్కడ ఏది మేలు అన్న ప్రశ్నే లేదు. ప్రశ్నల్లా ఏ టీకా, ఎలా అన్నదే.

ఐదు నుంచి ఏడో రోజు మధ్య ఎఫ్1 లేదా లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో. దాదాపు 28వ రోజు లసోటా మళ్లీ. ఎనిమిది వారాలు దాటాక ఆర్‌2బి ఇంజెక్షన్, 0.5 మిల్లీలీటరు. ఆర్‌2బి గట్టి రకం, చిన్న పిల్లలకు వేస్తే టీకాతోనే జబ్బు చేస్తుంది.

లసోటాను నీళ్లలో కలిపి పెట్టడం సులువు, కానీ పెరటి పెంపకానికి కంటి చుక్కే మేలంటాను. నీళ్లలో అయితే ఏ పిల్ల ఎంత తాగిందో తెలియదు, కుళాయి నీటి క్లోరిన్ టీకాను చంపేస్తుంది. తప్పక నీళ్లలోనే ఇవ్వాల్సి వస్తే లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి ముందు కలపాలి. చుక్కకు ఆ తంటా లేదు. పిల్లను ఎడమ అరచేతిలో పక్కకు తిప్పి పట్టుకుని, డ్రాపర్ కంటికి తగలకుండా ఒక్క చుక్క వదలాలి. అది కన్ను ఆర్పి, చుక్క లోపలికి ఇంకిపోయేదాకా వదలొద్దు. పది పిల్లలకు పది నిమిషాలు కూడా పట్టదు.

అసలు అడ్డంకి వేరే ఉంది. టీకా సీసా తరచుగా వంద డోసులది. మనకున్నవి పన్నెండు పిల్లలు. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది రేపటికి పనికిరాదు. అందుకే వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు ఒకే రోజు పెట్టుకోవాలి. పశువుల ఆసుపత్రి నుంచి ఐస్ వేసిన ఫ్లాస్కులో తెచ్చుకుని, ఉదయం చల్లపూటే ముగించాలి. జేబులో పెట్టుకుని ఎండలో బండి మీద తెచ్చిన సీసాలో మిగిలేది ఉత్త నీళ్లే.

అప్పటికే తూగుతున్న పిల్లకు టీకా వేయొద్దు, అది మందు కాదు. రక్షణ రావడానికి వారం పది రోజులు పడుతుంది. వనరాజ, గ్రామప్రియ లాంటి పెరటి రకాల పిల్లల్ని హేచరీలో కొంటే మొదటి రోజు మారెక్స్ అనే మరో వైరస్ జబ్బుకు టీకా వేశారో లేదో అడిగి తెలుసుకోండి. మన నాటుకోడి పొదిగిన పిల్లలకు ఏ టీకా పడదు, మొదటి చుక్క నుంచీ మనమే చూసుకోవాలి.

మందు కంటే ముందు బల్బు

మొదటి వారంలో ముడుచుకున్న పిల్లల్లో చాలావాటికి రోగం ఉండదు, చలి ఉంటుంది. తల్లి లేని పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద గుంపుగా ఒకదానిపై ఒకటి ఎక్కితే చలి, దూరంగా జరిగి నోరు తెరిస్తే వేడెక్కువ, అన్నివైపులా పరుచుకుని పడుకుంటే సరిపోయింది.

ఏదీ వేయకూడని సందర్భం

నిన్నటిదాకా బాగున్న కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చస్తే, తల వాచి జుట్టు నీలంగా మారితే, పసుపూ పొడీ పక్కన పెట్టి వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గరి వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అలాంటి చోట చచ్చినవాటిని ఒట్టి చేత్తో ముట్టడం, కోసి వండటం, కాలవలో పారేయడం ప్రమాదం.

అలా గుంపుగా కాకుండా ఒకటీ రెండూ చస్తూ, ఏ జబ్బో తేలకపోతే, అప్పుడే చచ్చిన పిల్లను కవర్లో మూటగట్టి ఐస్ ముక్కల మధ్య పెట్టి అదే రోజు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డకట్టే ఫ్రీజర్లో మాత్రం పెట్టొద్దు. డాక్టరు కోసి పేగు తిత్తుల్లో నెత్తురుందా, కడుపు గోడ మీద చుక్కలున్నాయా చూసి, బతికున్నవాటికి ఏం వేయాలో అక్కడే చెబుతారు.