గుండీలు ఏ వైపు పెట్టమంటారు?

బెంగళూరు కమర్షియల్ స్ట్రీట్ వెనుక సందుల్లో దర్జీ కొట్లకు కొదవలేదు. నేను బట్టలు కుట్టించుకునే కొట్టు పేరు మాత్రం ఇక్కడ రాయను. అసలే చెప్పిన రోజుకు ఇవ్వరు, గిరాకీ పెరిగితే నా చొక్కా సంక్రాంతికి కూడా చేతికి రాదు. లేసులు, గుండీలు అమ్మే దుకాణాల వరుస దాటాక మేడమెట్ల కింద ఉంటుంది. మాస్టారిది హిందూపురం. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వాక్యంలో కలిపేస్తారు.

నాకు కావలసింది మగవాళ్ల తరహా చొక్కా, ఆడవాళ్ల ఒంటికి సరిపడేది. రెడీమేడ్‌లో భుజం కుదిరితే ఛాతీ దగ్గర గుండీల మధ్య సందు కనిపిస్తుంది, ఛాతీ కుదిరితే భుజం కిందికి జారుతుంది. పైగా ట్రయల్ గది దగ్గర "మేడమ్, లేడీస్ అటు" అని ఒక కేక. తెనాలిలో అమ్మమ్మ నన్ను మగరాయుడు అనేది, అందులో ముద్దే ఎక్కువ. ఆఫీసులో కుర్రవాళ్లు నాన్ బైనరీ, అంటే ఆడా మగా అనే రెండు గడుల్లో ఇమడని మనిషి, అంటారు. నేను ఇష్టపడేది స్త్రీలనని తెలిసిన స్నేహితురాలు ఇంకో మాట ఖాయం చేసింది. ఎవరినీ తప్పుపట్టను, కానీ ఏదీ నాకు అతకలేదు.

ఈ మాస్టారు టేపు మెడలో వేసుకుని అడిగిన మొదటి ప్రశ్న, గుండీలు ఏ వైపు పెట్టమంటారని. మగవాళ్ల చొక్కాకు కుడివైపు, ఆడవాళ్ల చొక్కాకు ఎడమవైపు కుట్టడం దర్జీలందరికీ అలవాటైన లెక్క. ఆయన నన్ను చూసి లెక్క కట్టలేదు, అడిగారు. కుడివైపన్నాను. ఛాతీ ఒంపు కోసం మడిచి కుట్టే డార్టును పైకి కనబడనివ్వకుండా, భుజాల మీద వేసే యోక్ ముక్క అతుకులో కలిపేశారు. రెండు గుండీల మధ్య లోపలివైపు చిన్న గుండీ ఒకటి వేశారు. చేయి ఎత్తినా సందు పడదు. బిల్లు పుస్తకంలో పేరు, కొలతలు, తేదీ, అంతే. సహాయకుడు ఒకరోజు అన్నా అని, ఇంకోరోజు అక్కా అని పిలుస్తాడు. రెండింటికీ పలుకుతాను.

ఒకసారి నాకంటే ముందు బెళగావి వైపు నుంచి వచ్చిన జోగప్ప ఒకరు జాకెట్లకు కొలతలు ఇస్తున్నారు. మగవాళ్లుగా పుట్టి, సవదత్తి ఎల్లమ్మకు అంకితమై చీర కట్టుకునేవారు జోగప్పలు. తెలంగాణలో దేవత పూనే శివసత్తుల్లోనూ చీర కట్టే మగవాళ్లు ఉంటారు. మెక్సికోలోని హుచితాన్‌లో ముషేలు, అంటే మగవాళ్లుగా పుట్టి ఆడవాళ్ల తీరున బతికేవారు, ఎంబ్రాయిడరీ పనికి పేరుపొందినవారు. ఇలాంటివి చెప్పి 'మన దగ్గర ఎప్పటినుంచో చోటుంది' అని మురిసిపోయేవారిని చూస్తే నాకు చిరాకు. జోగప్పకు ఆ చోటు ఎల్లమ్మ పేరు మీద దొరికింది. నాకు పూనే దేవతా లేదు, కట్టే చీరా లేదు.

అలాగని మనిషికి అలాంటి పేరే అక్కరలేదనడం నాకు చెల్లుతుందేమోగాని అందరికీ చెల్లదు. 2014లో నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఎవరి జెండర్‌ను వారే నిర్ణయించుకోవచ్చంది. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం మాత్రం గుర్తింపు పత్రం కోసం జిల్లా మేజిస్ట్రేటు దగ్గరకు పంపింది. 2021లో కర్ణాటక ప్రభుత్వోద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే మనిషికి ఆ మాట కావాలి, గట్టిగా కావాలి. చొక్కా కుట్టడానికి అక్కరలేదు కదా, నేననేది అంతే.

లోపాలూ ఉన్నాయి. ట్రయల్‌కు ఉన్నది ఒక పరదా, అదీ పూర్తిగా మూసుకోదు. కాలరు నిలబడడానికి లోపల పెట్టే బక్రం గుడ్డ మరీ గట్టిది వేస్తారు, మెత్తది కావాలని ముందే చెప్పాలి. కుట్టుకూలి 650 రూపాయలు, గుడ్డ మనదే. నూలు గుడ్డయితే తడిపి ఆరబెట్టి మరీ ఇవ్వండి. ఛాతీని చదునుగా అదిమిపట్టే బైండర్ వేసుకునేవారు కొలతల రోజున కూడా దాన్ని వేసుకునే వెళ్లండి, లేకపోతే చొక్కా వదులుగా వస్తుంది, మార్చడానికి ఇంకో వారం తిప్పుతారు.